ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్ ఆయిల్ ఇంట్లో మార్చుకోవడం: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఏ అపార్ట్‌మెంట్ పార్కింగ్ చూసినా ఆంధ్ర, తెలంగాణ నంబర్లతో ఆటోమేటిక్ కార్లు కనిపిస్తాయి. ఈ ఊరి ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ మోకాలు పట్టేశాక కొన్నవే ఎక్కువ. ఇంజన్ ఆయిల్ గురించి అందరికీ అంతో ఇంతో తెలుసు. గేర్‌బాక్స్ ఆయిల్ మాట వస్తే మాత్రం సర్వీసు సెంటర్‌వాళ్లు ఒకటి చెబుతారు, షెడ్డు మెకానిక్ ఇంకొకటి చెబుతాడు, ఆఫీసులో కార్ల పిచ్చి ఉన్న కొలీగ్ మూడోది చెబుతాడు. ప్లగ్ విప్పి ఆయిల్ దించడం పెద్ద పనేం కాదు. సరైన ఆయిల్ తేవడం, సరైన మట్టానికి నింపడం, కష్టమంతా ఈ రెండింటిలోనే ఉంది.

నా కారు ఆటోమేటిక్. అందులో మళ్లీ రకాలా?

నాలుగు రకాలు. మీదేదో తెలియకుండా పానా పట్టుకోవద్దు.

మొదటిది ఏఎంటీ. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో మొదలైంది. మారుతి దీన్ని ఏజీఎస్ అంటుంది. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మన బదులు ఒక యంత్రం చేస్తుంది. కాబట్టి ఇందులో ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ల కోసం చేసిన ఆయిల్, చాలావరకు ఎర్రగా ఉంటుంది) ఉండదు, మాన్యువల్ గేర్ ఆయిలే ఉంటుంది. "ఆటోమేటిక్ కదా" అని ఎర్ర ఆయిల్ డబ్బా తెచ్చి ఇందులో పోయకండి.

రెండోది టార్క్ కన్వర్టర్, అంటే ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకి అందించేది. ఇన్నోవా క్రిస్టా, డీజిల్ క్రెటా, ఎక్స్‌యూవీ 700, 2022 తర్వాత వచ్చిన ఆరు గేర్ల ఎర్టిగా, బ్రెజ్జా ఈ జాతివి. ఏటీఎఫ్ అన్న మాట అసలు వర్తించేది వీటికే.

మూడోది సీవీటీ. హోండా సిటీ, అమేజ్ ఆటోమేటిక్‌లు ఇవే. హ్యుందాయ్ తన దాన్ని ఐవీటీ అంటుంది. ఇందులో పళ్ల గేర్ల బదులు రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు గానీ చెయిన్ గానీ తిరుగుతుంది. దాని ఆయిల్ వేరు.

నాలుగోది డీసీటీ, అంటే రెండు క్లచ్‌లది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల డీఎస్‌జీ, హ్యుందాయ్, కియా టర్బో పెట్రోల్ బళ్లలో వచ్చే ఏడు గేర్లది, టాటా ఆల్ట్రోజ్ డీసీఏ ఈ కోవలోవి.

ఒకే పేరున్న కారులో ఏడాదిని బట్టి, ఇంజన్‌ని బట్టి గేర్‌బాక్స్ మారిపోతుంది. క్రెటా ఒక్కదాన్నే తీసుకోండి: డీజిల్‌కి టార్క్ కన్వర్టర్, మామూలు పెట్రోల్‌కి ఐవీటీ, టర్బో పెట్రోల్‌కి డీసీటీ. అందుకే "క్రెటాకి ఏ ఆయిల్ పోయాలి?" అన్న ప్రశ్నకి జవాబు ఉండదు. ఓనర్ మాన్యువల్ చివర్లో ఆయిళ్ల పట్టిక ఉంటుంది, అది చూడండి.

వీటిలో ఇంట్లో ఏది చేసుకోవచ్చు, ఏది వద్దు?

టార్క్ కన్వర్టర్ చేసుకోవచ్చు. సీవీటీ కూడా చేసుకోవచ్చు, కాకపోతే ఆయిల్ విషయంలో ఇంకా పట్టుదలగా ఉండాలి. ఏఎంటీలో గేర్ ఆయిల్ మార్చడం తేలికే గానీ, గేర్లు మార్చే యంత్రానికి హైడ్రాలిక్ ద్రవం విడిగా ఉండే మోడళ్లలో దాని జోలికి వెళ్లవద్దు. డీసీటీ మాత్రం ఇంట్లో వద్దనే అంటాను. ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీలో గేర్ల ఆయిల్ వేరు, గేర్లనీ క్లచ్‌లనీ నడిపే మెకట్రానిక్ యూనిట్ ఆయిల్ వేరు. ఆరు గేర్ల వెట్ క్లచ్ డీఎస్‌జీకి 60,000 కి.మీ.కోసారి ఫిల్టర్‌తో సహా ఆయిల్ మార్చాలని కంపెనీయే చెబుతుంది, ఆ పనికి సరైన స్కానర్ కావాలి. ఇక్కడినుంచి చెప్పేదంతా ప్రధానంగా టార్క్ కన్వర్టర్, సీవీటీ కార్ల గురించి.

"ఇది లైఫ్‌టైం ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అన్నారు. నిజమేనా?

ఎవరి లైఫ్‌టైం అని అడగండి. కారు మొదటి ఓనరు దగ్గర ఉన్నంతకాలం, వారంటీ ఉన్నంతకాలం అని అర్థమైతే నిజమే. జర్మనీకి చెందిన జెడ్ఎఫ్ కంపెనీ చాలా ఖరీదైన కార్లకి గేర్‌బాక్సులు చేసిస్తుంది. అదే గేర్‌బాక్స్ పెట్టిన కారు కంపెనీ "లైఫ్‌టైం" అంటుంటే, దాన్ని తయారుచేసిన జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య ఆయిల్ మార్చమంటుంది. చేసినవాడి మాటే నాకు ఎక్కువ నమ్మకం.

మరి ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి?

మాన్యువల్‌లో అంకె ఉంటే అదే ఆధారం. చాలా మాన్యువళ్లలో రెండు వరుసలుంటాయి, ఒకటి మామూలు వాడకానికి, ఇంకోటి కఠినమైన వాడకానికి. ఆగి ఆగి నడవడం, ఎక్కువసేపు ఐడిల్‌లో ఉండడం, ఎండ, కొండదారులు, ఇవన్నీ కఠినమైన వాడకం కిందికే వస్తాయి. బెంగళూరులో ఆఫీసుకి వెళ్లొచ్చే ప్రతి కారుదీ కఠినమైన వాడకమే, ఇందులో వాదన అక్కర్లేదు.

అసలు ఈ ఊళ్లో కిలోమీటర్ల లెక్కే మనల్ని మోసం చేస్తుంది. ఊళ్ల ట్రాఫిక్ లెక్కలు కట్టే టామ్‌టామ్ కంపెనీ వాళ్ల 2023 లెక్క ప్రకారం నగరం మధ్యలో 10 కి.మీ. వెళ్లడానికి సగటున 28 నిమిషాలు పట్టింది. అంటే గంటకి 21 కి.మీ. ఆ వేగంతో 40,000 కి.మీ. తిరిగిన కారు గేర్‌బాక్స్ దాదాపు 1,900 గంటలు పనిచేసినట్టు. అదే 40,000 కి.మీ. హైవే మీద గంటకి 70 చొప్పున తిరిగితే 570 గంటలు. మీటర్లో అంకె ఒకటే, ఆయిల్ పడ్డ పాట్లలో మూడు రెట్లు తేడా.

పైగా ఆ గంటలు కూడా సమానం కావు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ బలం ఆయిల్ ద్వారానే గేర్లకి అందుతుంది. వేగం అందుకున్నాక లోపల లాకప్ క్లచ్ పట్టుకుంటుంది, అప్పుడు ఆయిల్‌కి ఆ నలుగుడు ఉండదు, వేడి తగ్గుతుంది. సిల్క్ బోర్డ్ దగ్గరో టిన్ ఫ్యాక్టరీ దగ్గరో పాకుతున్న కారుకి ఆ లాకప్ పట్టే వేగమే రాదు. ఆయిల్ చిలకబడుతూనే ఉంటుంది, కాగుతూనే ఉంటుంది. 80 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకీ ఏటీఎఫ్ ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కుల మధ్య ఒక పాత లెక్క ఉంది. అది మోటు లెక్కే కానీ దారి సరైనదే.

మాన్యువల్‌లో అంకె లేకపోతే, ఊళ్లోనే తిరిగే టార్క్ కన్వర్టర్ కారుకి 50,000 నుంచి 60,000 దగ్గర, సీవీటీకి 40,000 దగ్గర మార్చమని నా సలహా.

మేం ఊళ్లో తక్కువే తిరుగుతాం. నెలకోసారి అనంతపురం వెళ్లొస్తాం. మాకూ అంతేనా?

మీకు కొంచెం సాగదీయొచ్చు. దేవనహళ్లి దాటాక 44వ నంబరు హైవే మీద నిలకడగా 90లో పోతుంటే గేర్‌బాక్స్‌కి అంతకన్నా సుఖం లేదు. అదే ప్రతి నెలా నిండుగా మనుషులు, సామాన్లతో పలమనేరు మీదుగా తిరుపతి వెళ్లి కొండెక్కి వచ్చేవాళ్లయితే సాగదీయకండి.

ఏ ఆయిల్ కొనాలి?

మాన్యువల్‌లో ఏ పేరుంటే అదే. టయోటాల్లో చాలావాటికి ఏటీఎఫ్ డబ్ల్యూఎస్, హోండా సీవీటీకి హెచ్‌సీఎఫ్-2, హ్యుందాయ్, కియా ఆరు గేర్ల వాటికి ఎస్పీ-4, నిస్సాన్ సీవీటీకి ఎన్ఎస్-3. ఇవి ఉదాహరణలే. మీ మోడల్, మీ ఏడాది మాన్యువల్‌లో ఏముందో అదే చివరి మాట.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ ఆయిల్ ఒక్కసారే నాలుగు పనులు చేస్తుంది. బలాన్ని మోస్తుంది, క్లచ్‌లని నొక్కే హైడ్రాలిక్ ఒత్తిడిని ఇస్తుంది, వేడిని మోసుకుపోతుంది, పళ్లని తడుపుతుంది. ముఖ్యంగా క్లచ్ ప్లేట్లు ఎంత పట్టుతో, ఎంత మెత్తగా కలవాలన్నది ఆయిల్‌లో కలిపిన రసాయనాల మీద ఆధారపడుతుంది. చిక్కదనం కూడా మారింది. పాత డెక్స్రాన్-3 రకం ఏటీఎఫ్ 100 డిగ్రీల దగ్గర 7 నుంచి 7.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) ఉండేది, డెక్స్రాన్-6కి గరిష్ఠ పరిమితి 6.4. కొత్త గేర్‌బాక్స్‌లో పాత చిక్కటి ఆయిల్ పోస్తే పొద్దున్నే గేర్లు బద్ధకంగా పడతాయి, మైలేజీ తగ్గుతుంది.

సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే ఇంకా ప్రమాదం. అక్కడ ఉక్కు మీద ఉక్కు జారకుండా పట్టుకోవాలి. ఆ పట్టు ఇచ్చేది సీవీటీ ఆయిలే. తప్పు ఆయిల్‌తో బెల్టు ఒక్కసారి జారి పుల్లీ మీద గీతలు పడితే తర్వాత ఎంత మంచి ఆయిల్ పోసినా ఆ గీతలు పోవు.

అన్ని కార్లకీ పనికొస్తుందని రాసిన మల్టీ వెహికల్ ఏటీఎఫ్ వాడొచ్చా?

పేరున్న కంపెనీది, డబ్బా వెనక మీ స్పెసిఫికేషన్ పేరు స్పష్టంగా రాసి ఉంటే టార్క్ కన్వర్టర్‌లో వాడొచ్చు, చాలామంది వాడుతున్నారు. సీవీటీలో నేనైతే కారు కంపెనీదే పోస్తాను. నాలుగు లీటర్ల మీద మిగిలే డబ్బు కోసం అంత ఖరీదైన గేర్‌బాక్స్‌తో ప్రయోగాలెందుకు?

బెంగళూరులో ఎక్కడ దొరుకుతుంది?

జేసీ రోడ్డులో దొరకని కారు సామాను ఉండదు, అందుకే డూప్లికేట్ సరుకు కూడా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. అక్కడ కొంటే కంపెనీ అధీకృత స్పేర్ పార్ట్స్ డీలర్ దగ్గరే బిల్లు తీసుకుని కొనండి. లేదా కారు కంపెనీ సర్వీసు సెంటర్‌లో స్పేర్స్ కౌంటర్‌కి వెళ్లి ఛాసిస్ నంబర్ చెప్పండి. ఆయిల్, డ్రైన్ ప్లగ్ వాషర్, ఫిల్టర్, గ్యాస్కెట్ అన్నిటి పార్ట్ నంబర్లూ వాళ్ల సిస్టమ్‌లోనే వస్తాయి. బేరం ఉండదు, అనుమానమూ ఉండదు. సీలు ఊడదీసిన డబ్బా, లూజు ఆయిల్ మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

ఏమేం సామాను కావాలి?

మంచి జాకీ, నాలుగు జాక్ స్టాండ్లు, చక్రాలకి అడ్డం పెట్టే దిమ్మలు. సరిపోయే సాకెట్, అలెన్ కీలు, చిన్న టార్క్ రెంచ్. లీటర్ గీతలున్న ప్లాస్టిక్ డబ్బాలు రెండు, వెడల్పాటి ట్రే, పొడుగు ట్యూబు తగిలించిన గరాటు, కింది నుంచి నింపాల్సిన బండైతే చేతి పంపు. కొత్త వాషర్లు. నూలు రాలని గుడ్డ. చేతి తొడుగులు, కళ్లద్దాలు. గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్ చూపించగల ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌కి తగిలించి రీడింగులు చూసే పరికరం). చవక బ్లూటూత్ ముక్కలు చాలా కార్లలో ఇంజన్ టెంపరేచర్ మాత్రమే చూపిస్తాయి, కొనేముందు మీ మోడల్‌కి గేర్‌బాక్స్ రీడింగ్ వస్తుందో లేదో కనుక్కోండి.

కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద నిలబెట్టిన బండి కిందికి తల కూడా పెట్టకండి.

మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో చేసుకోవచ్చా?

మూడు చిక్కులున్నాయి. ఒకటి, అసోసియేషన్ రూల్స్. చాలాచోట్ల పార్కింగులో రిపేరు పనులు కుదరవంటారు, ముందే అడిగితే గొడవ ఉండదు. రెండు, బేస్‌మెంట్ నేల చూడ్డానికి సమంగా ఉన్నా నీళ్లు కాలవలోకి పోవడానికి కొంచెం వాలు పెట్టి పోస్తారు. గేర్‌బాక్స్‌లో మట్టం చూడాలంటే కారు నాలుగు వైపులా సమంగా ఉండాలి. ముందు మాత్రమే పైకెత్తి మట్టం చూస్తే ఆ కొలత అబద్ధం. అందుకే నాలుగు స్టాండ్లు కావాలన్నది. నేల మీద కాకుండా కారు అడుగున రసమట్టం పెట్టి చూసుకోండి. మూడు, పొగ. మట్టం చూసేటప్పుడు ఇంజన్ నడుస్తుండాలి. మూసుకున్న రెండో బేస్‌మెంట్‌లో ఆ పని అస్సలు వద్దు.

ఊళ్లో సొంతిల్లు, ముందు సిమెంటు చేసిన వాకిలి ఉన్నవాళ్లు సంక్రాంతికి వెళ్లినప్పుడు అక్కడ పెట్టుకోవడం ఇంకా మేలు. ఆయిల్ మాత్రం ఇక్కడే కొని తీసుకెళ్లండి.

పని ఏ వరసలో చేయాలి?

రాత్రంతా నిలిపిన కారుతో తెల్లవారుజామునే మొదలుపెట్టండి. కారు వేడిగా ఉంటే ఆయిల్ బాగా దిగుతుందంటారు, నిజమే. కానీ ఆఫీసు నుంచి తెచ్చిన కారులో ఆయిల్ 80, 90 డిగ్రీల్లో ఉంటుంది, పక్కనే సైలెన్సర్ గొట్టం ఇంకా ఎక్కువ కాగి ఉంటుంది. చల్లటిది దిగడానికి మరో పావుగంట పట్టినా చేతులు కాలవు.

హ్యాండ్ బ్రేక్ వేసి, దిమ్మలు పెట్టి, నాలుగు వైపులా స్టాండ్ల మీద నిలబెట్టి, బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే మళ్లీ మొదట్నుంచి సర్దండి.

ఇక్కడ ఒక సూత్రం ఎప్పుడూ తప్పకూడదు. ముందు ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం మూత) విప్పాలి, అది వచ్చాకే డ్రైన్ ప్లగ్ (ఆయిల్ దించే రంధ్రం మూత) ముట్టుకోవాలి. ఫిల్లర్ ప్లగ్ బిగుసుకుపోయి రాకపోతే కారు ఇంకా నడిచే స్థితిలోనే ఉంటుంది, దించేసి మెకానిక్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆయిలంతా దించేశాక రాకపోతే మీ కారు అక్కడే ఉంటుంది. ఇంకో జాగ్రత్త: ఇంజన్ ఆయిల్ డ్రైన్ ప్లగ్, గేర్‌బాక్స్ డ్రైన్ ప్లగ్ దగ్గర దగ్గర్లోనే ఉంటాయి. ఇంజన్ ఆయిల్ అనుకుని గేర్‌బాక్స్ ఖాళీ చేసి, ఇంజన్‌లో మరో నాలుగు లీటర్లు పోసినవాళ్లు తక్కువేం లేరు. సర్వీస్ మాన్యువల్ బొమ్మ ముందు పెట్టుకునే పానా తగిలించండి.

కొన్ని టయోటాల్లో దించే రంధ్రమూ మట్టం చూసే రంధ్రమూ ఒకటే. బయటి ప్లగ్ తీస్తే కొద్దిగా కారి ఆగిపోతుంది, "ఇంతేనా?" అనిపిస్తుంది. లోపల నిలువుగా ఒక గొట్టం ఉంటుంది, దాన్ని కూడా అలెన్ కీతో విప్పితేనే మొత్తం దిగుతుంది.

దిగిన ఆయిల్ ఎంతో కొలవండి. చుక్కలు ఆగేదాకా ఆగి, కొత్త వాషర్ వేసి, ప్లగ్‌ని మొదట చేత్తోనే తిప్పండి, ఆ తర్వాతే టార్క్ రెంచ్. గేర్‌బాక్స్ డొక్కు అల్యూమినియంది. "ఇంకొంచెం బిగిద్దాం" అనే మన అలవాటుకి మరలు తినేస్తాయి. తర్వాత ఎంత దిగిందో సరిగ్గా అంతే కొత్తది పోయండి.

మట్టం చూడటమే కష్టమంటారు. ఎందుకు?

ఆయిల్ వేడెక్కితే ఉబ్బుతుంది కాబట్టి. ఏడు లీటర్ల ఆయిల్ 20 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకి వెళ్తే దాదాపు 300 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అందుకే "ఇంత మట్టం" అని కంపెనీ ఊరికే చెప్పదు, "ఇన్ని డిగ్రీల దగ్గర ఇంత మట్టం" అని చెబుతుంది. డిప్‌స్టిక్ లేని చాలా కార్లకి ఇది 35 నుంచి 50 డిగ్రీల మధ్య ఎక్కడో ఒక ఇరుకు గీత. మీ కారుకి ఎంతన్నది సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

చల్లగా ఉన్నప్పుడే మట్టం సరిచేస్తే వేడెక్కాక ఆయిల్ ఎక్కువైపోతుంది. లోపల తిరిగే గేర్లు దాన్ని చిలికి నురగ చేస్తాయి. నురగలో గాలి ఉంటుంది, గాలి నొక్కుకుపోతుంది, క్లచ్‌లకి ఒత్తిడి అందదు. మరీ వేడిగా ఉన్నప్పుడు చూస్తే ఉబ్బిన ఆయిల్ బయటికి కారిపోతుంది, చల్లారాక తక్కువవుతుంది. అప్పుడు పంపు గాలి పీలుస్తుంది, క్లచ్‌లు జారతాయి, కాలతాయి. తక్కువైనా ఎక్కువైనా చివరికి బలయ్యేది క్లచ్ ప్లేట్లే.

పద్ధతి ఇది. ఆయిల్ పోశాక ఒకరు లోపల కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కి ఇంజన్ స్టార్ట్ చేయాలి. పీ నుంచి ఆర్, ఎన్, డీ దాకా ఒక్కోదాంట్లో కొన్ని సెకన్లు ఆపి, మళ్లీ పీలోకి తేవాలి. ఈ సమయంలో బండి కింద ఎవరూ ఉండకూడదు, కాలు బ్రేకు మీది నుంచి తీయకూడదు. స్టాండ్ల మీది కారు గేరులో ఉందని మరిచిపోవద్దు. పీలోకి వచ్చాక ఐడిల్‌లో వదిలి స్కానర్‌లో టెంపరేచర్ చూస్తూ ఉండాలి. చెప్పిన డిగ్రీలు రాగానే ఓవర్‌ఫ్లో ప్లగ్ (మట్టం చూసే రంధ్రం మూత) తీయండి. ధారగా కారి, సన్నబడి, చుక్కలుగా మారితే మట్టం సరిపోయినట్టు, మూసేయండి. అసలేమీ రాకపోతే తక్కువైంది, కొంచెం పోసి మళ్లీ చూడండి.

ఈ పనికి బెంగళూరు వాతావరణం కలిసొస్తుంది. తెల్లవారుజామున ఇక్కడ ఏడాదిలో చాలా రోజులు 20 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. అక్కడినుంచి 40కి చేరేలోపు తాపీగా సర్దుకోవచ్చు. చెన్నైలో మే నెల మధ్యాహ్నం మొదలుపెడితే ఇంజన్ తిప్పకముందే ఆయిల్ ఆ హద్దు దగ్గర కూర్చుని ఉంటుంది, కాస్త తడబడితే దాటిపోతుంది. అక్కడి మిత్రులు డిసెంబరు, జనవరి పొద్దుటి పూట చూసుకోవడం మంచిది.

డిప్‌స్టిక్ ఉన్న పాత మోడళ్లకి ఇంత తతంగం లేదు. కాకపోతే కొన్నిటికి ఇంజన్ నడుస్తుండగా చూడాలి, కొన్నిటికి ఆపిన వెంటనే చూడాలి. మాన్యువల్ చూడకుండా ఊహించొద్దు.

స్కానర్ లేదు. దిగినంత కొలిచి పోస్తే చాలదా?

ఇదివరకు మట్టం సరిగ్గా ఉండి ఉంటే చాలు. దించినప్పుడూ పోసినప్పుడూ ఆయిల్ ఒకే వేడిలో ఉండాలి, అంతే. ఇదివరకే ఎక్కడో కారి తగ్గి ఉంటే మాత్రం ఆ తగ్గుదల అలాగే కొనసాగుతుంది. పని పూర్తయ్యాక ఒకసారి సర్వీసు సెంటర్‌లో మట్టం మాత్రం చూపించుకున్నా సరే.

మాన్యువల్‌లో ఏడు లీటర్లని ఉంది. దిగింది మూడే. మిగతాది ఎక్కడ?

టార్క్ కన్వర్టర్‌లో, కూలర్‌లో, క్లచ్‌లకి ఆయిల్ ఒత్తిడిని పంచే వాల్వ్ బాడీ సందుల్లో. ప్లగ్ విప్పితే అది రాదు. ఒకసారి మారిస్తే 43 శాతం కొత్తదవుతుంది. కొన్నాళ్లు నడిపి మళ్లీ మూడు లీటర్లు మారిస్తే 67 శాతం, మూడోసారికి 81 శాతం. తొమ్మిది లీటర్లు కొన్నా నూరు శాతం కాదు, కానీ అవసరం కూడా లేదు. వరసగా రెండుసార్లు మార్చి, ఆ తర్వాత 30,000 కి.మీ.కోసారి ఒక్కోసారి మారుస్తూ పోతే ఆయిల్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఇంట్లో చేసుకునేవాళ్లకి అసలు లాభం ఇక్కడే: సర్వీసు సెంటర్‌లో రెండోసారికి మళ్లీ అపాయింట్‌మెంటు, మళ్లీ లేబరు.

మెషీన్ పెట్టి మొత్తం ఫ్లష్ చేస్తామంటున్నారు. చేయించుకోనా?

కూలర్ పైపు దగ్గర తగిలించి, గేర్‌బాక్స్ సొంత పంపుతోనే పాతది బయటికి, కొత్తది లోపలికి మార్చే పద్ధతి మంచిదే. ఒత్తిడి పెట్టి, క్లీనర్ రసాయనాలు కలిపి కడిగేదైతే వద్దు. ఎక్కడో అడుగున పడి ఉన్న చెత్తని లేపి వాల్వ్ బాడీలోకి పంపిస్తే లేని తలనొప్పి కొనుక్కున్నట్టే.

నా కారు లక్షా పాతిక వేలు తిరిగింది. ఒక్కసారీ మార్చలేదు. ఇప్పుడు ముట్టుకుంటే గేర్‌బాక్స్ పోతుందట కదా?

ఆయిల్ మార్చిన వారానికే గేర్‌బాక్స్ పోయిన కథ ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది. ఆ కథలో ఒక ముక్క దాచేస్తారు. ఆ కారు ఎందుకు ఆయిల్ మార్పించుకుంది? చాలావరకు అప్పటికే జారుతోంది కాబట్టి, గేరు పడక ఇంజన్ అరుస్తోంది కాబట్టి. అరిగిపోయిన క్లచ్ ప్లేట్లని ఆయిల్ బాగుచేయలేదు.

మీ కారు గేర్లు మామూలుగానే పడుతుంటే, తీసిన ఆయిల్‌లో మాడు వాసన లేకపోతే, మార్చండి. ఒకేసారి మొత్తం కాకుండా మూడు లీటర్ల చొప్పున విడతలుగా మార్చండి. ఇప్పటికే జారుతుంటే, డీలో పెట్టాక కదలడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటుంటే, ఇంట్లో ముట్టుకోకండి. అది రిపేరు పని, మంచి గేర్‌బాక్స్ స్పెషలిస్టుకి చూపించండి.

ఆయిల్ నల్లగా వచ్చింది, మ్యాగ్నెట్ మీద మట్టిలాంటిది ఉంది. భయపడాలా?

రంగు ఒక్కదాన్నీ చూసి భయపడక్కర్లేదు. ఎర్ర ఏటీఎఫ్ వాడకంతో గోధుమరంగుకి తిరగడం సహజం. సీవీటీ ఆయిళ్లు అసలు ఎర్రగానే ఉండకపోవచ్చు. వాసన ఎక్కువ నిజం చెబుతుంది. మ్యాగ్నెట్ మీద బూడిదరంగు మెత్తటి గుజ్జు మామూలే, తుడిచి పెట్టేయండి. వేళ్ల మధ్య గుచ్చుకునే ముక్కలు, మెరిసే పలుకులు కనిపిస్తే మాత్రం ఆగండి, ఫొటో తీసి మెకానిక్‌కి చూపించండి.

ఫిల్టర్ కూడా మార్చాలా?

గేర్‌బాక్స్ కింద విప్పదీసే ప్యాన్ ఉంటే, లక్ష కి.మీ. దగ్గర ఒకసారి ప్యాన్ దించి ఫిల్టర్, గ్యాస్కెట్ మార్చుకోవచ్చు. ప్యాన్ బోల్టులు చిన్నవి, వాటికి చెప్పిన టార్క్ కూడా చాలా తక్కువ, మూలల నుంచి మూలలకి కొద్దికొద్దిగా బిగించాలి. కొన్నిటిలో ఫిల్టర్ గేర్‌బాక్స్ విప్పితే తప్ప రాదు, వాటిని వదిలేయండి.

వానల్లో కారు నీళ్లలో మునిగింది. ఆయిల్ మార్చేస్తే సరిపోతుందా?

2022 సెప్టెంబరులో బెళ్లందూరు, అవుటర్ రింగ్ రోడ్డు చుట్టూ నీళ్లు నిలిచినప్పుడు చాలామందికి వచ్చిన సందేహమే ఇది. గేర్‌బాక్స్‌కి పైన గాలి పోయే చిన్న గొట్టం ఉంటుంది, నీళ్లు అంత ఎత్తుకి వస్తే లోపలికి పోతాయి. ఆయిల్ గులాబీరంగు పాలలా మారితే నీళ్లు కలిసినట్టే. క్లచ్ ప్లేట్ల మీది పూత నీళ్లకి ఊడిపోతుంది, కాబట్టి ఆ కారు స్టార్ట్ చేయకండి, ఫ్లాట్‌బెడ్ మీద పంపించండి. ఇది ఇంటి పని కాదు, ఒక్క మార్పుతో పోయేదీ కాదు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకముందే ప్లగ్ విప్పొద్దు. మునగని కారులోనూ ఇలాంటి పాలరంగు కనిపిస్తే, ఆయిల్ కూలర్ రేడియేటర్ లోపలే ఉండే మోడళ్లలో అది పగిలి కూలెంట్ కలిసిందేమో చూపించండి.

మార్చాక గేర్లు కొంచెం కుదుపుతున్నాయి.

గేర్‌బాక్స్ కంప్యూటర్ పాత ఆయిల్‌కి అలవాటుపడి లెక్కలు వేసుకుని ఉంటుంది. చాలా కార్లు కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి. కొన్నిటికి స్కానర్‌తో ఆ పాత లెక్కలు చెరిపేయాలి. కుదుపు పెరుగుతుంటే మట్టం మళ్లీ చూడండి, మొదటి అనుమానం అదే.

పాత ఆయిల్ ఏం చేయాలి?

వాడేసిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాల్లోనే నింపి, వాడిన ఆయిల్ సేకరించే పెద్ద గ్యారేజీకి గానీ సర్వీసు సెంటర్‌కి గానీ ఇవ్వండి. అక్కడినుంచి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్లకి వెళ్తుంది. వాననీటి కాలవలో పోస్తే అది రాజకాలువ (ఊళ్లోని పెద్ద వాననీటి కాలవ) ఎక్కి చెరువులోకి పోతుంది. వర్తూరు, బెళ్లందూరు చెరువులకి మన వంతు నురగ ఇప్పటికే చాలా ఉంది. చెదలు పోతాయని చెట్టు మొదట్లో పోసేవాళ్లూ ఉన్నారు, అదీ వద్దు.

వారంటీ ఉన్న కారుకి చేయొచ్చా?

వద్దు. రేపు గేర్‌బాక్స్‌కి ఏదైనా అయితే మొదట అడిగేది "ఎవరు విప్పారు?" అనే. వారంటీ, ఎక్స్‌టెండెడ్ వారంటీ రెండూ అయిపోయాక మొదలుపెట్టండి. అప్పుడు కూడా ఆయిల్ బిల్లు, తేదీ, మీటర్ రీడింగ్ ఫొటో దాచుకోండి. కారు అమ్మేటప్పుడు ఆ కాగితాలకి విలువుంటుంది.

ఇంతా చేస్తే మిగిలేదెంత?

అనుకున్నంత మిగలదు. సర్వీసు సెంటర్ బిల్లులో పెద్ద భాగం ఆయిల్ ధరే, అది మీకూ తప్పదు. మొదటిసారి స్టాండ్లు, టార్క్ రెంచ్, స్కానర్ కొనేసరికి లేబర్ కంటే ఎక్కువే అవుతుంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి సామాను కొనుక్కుంటే గిట్టుబాటవుతుంది. డబ్బు కోసమే అయితే నమ్మకమైన షెడ్డు చూసుకుని, ఆయిల్ మీరే కొని తీసుకెళ్లి, మట్టం చూసేటప్పుడు పక్కన నిలబడండి.

పని అయిపోయాక ఏం గమనించాలి?

మొదటి వారం పొద్దున్నే కారు తీశాక నేల చూడండి. ప్రయాణికుడి వైపు ముందు భాగం కింద తేటగా ఉన్నవి ఏసీ నీళ్లు. ఎర్రగా, జిడ్డుగా ఉంటే ప్లగ్ వాషర్ దగ్గర కారుతోంది. టార్క్ రెంచ్‌తో బిగువు ఒకసారి చూసి, అప్పటికీ ఆగకపోతే వాషర్ మార్చండి. చుక్కలు కాకుండా మడుగు కనిపిస్తే కారు కదపొద్దు. తాడు కట్టి లాగించొద్దు కూడా. ఇంజన్ ఆగి ఉంటే పంపు తిరగదు, తడి లేకుండా గేర్లు తిరుగుతాయి. నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్ పిలిపించండి.